పురుగులు పట్టే పోటీ (పోకేమాన్)

పోకేమాన్ గోల్డ్, సిల్వర్, క్రిస్టల్ ఆటల్లోనూ, తరువాత వాటిని కొత్తగా తీర్చిన హార్ట్‌గోల్డ్, సోల్‌సిల్వర్ ఆటల్లోనూ వచ్చే వేట పోటీ ఇది. ఆంగ్ల ఆటల్లో దీని పేరు బగ్ క్యాచింగ్ కాంటెస్ట్. జోతో ప్రాంతంలోని నేషనల్ పార్కులో మంగళ, గురు, శనివారాల్లో జరుగుతుంది. పాల్గొనేవారికి 20 నిమిషాల గడువు, పురుగులను పట్టేందుకు 20 పార్క్ బాల్స్ ఇస్తారు. వెంట ఒక్క పోకేమాన్‌నే తీసుకెళ్లాలి, మిగతావాటిని గేటు దగ్గరి ఉద్యోగికి అప్పగించాలి. ఎన్ని పురుగులను పట్టినా చివరికి దగ్గర ఉంచుకోగలిగేది ఒక్కదాన్నే. దొరికినవన్నీ పోగుచేసుకోవడం మీద నడిచే ఆటలో, ఒక్కదాన్ని ఎంచుకుని మిగతావాటిని వదిలేయమనే ఘట్టం ఇది. గెలుపోటములు వేట నైపుణ్యం మీద కంటే ఈ ఎంపిక మీదే ఎక్కువగా ఆధారపడతాయి.

పూర్వరంగం

పోకేమాన్ సృష్టికర్త సతోషి తాజిరి 1965లో టోక్యోలో పుట్టి, నగరం అంచున ఉన్న మచిదాలో పెరిగాడు. చిన్నప్పుడు పురుగులు పట్టడమే లోకంగా బతికాడు. తోటి పిల్లలు అతన్ని పురుగుల డాక్టర్ అని పిలిచేవారట. అతను తిరిగిన చెరువులు, పొలాలు చూస్తుండగానే ఇళ్లుగా, దుకాణాలుగా మారిపోయాయి. ఆ వెదుకులాటలోని ఆనందాన్ని తరువాతి పిల్లలకు అందించాలన్న కోరికే ఈ ఆటలకు మూలమని అతనే చెప్పాడు. 1983లో గేమ్ ఫ్రీక్ పేరుతో ఒక చిన్న పత్రిక మొదలుపెట్టాడు. 1989లో అదే పేరుతో సంస్థ ఏర్పడింది. 1996 ఫిబ్రవరి 27న జపాన్‌లో పోకేమాన్ రెడ్, గ్రీన్ విడుదలయ్యాయి.

పరిమితులు పెట్టి వేటాడించడం ఆ తొలి ఆటల్లోనే ఉంది. సఫారీ జోన్‌లో ఆటలోని డబ్బు 500 చెల్లిస్తే 30 సఫారీ బాల్స్, 500 అడుగుల నడక దొరికేవి. అక్కడ లెక్క అడుగులకే కాబట్టి గడ్డిలో నిలబడి ఎంతసేపు ఆలోచించినా నష్టం లేదు. గోల్డ్, సిల్వర్‌లో సఫారీ జోన్ మూతపడింది. ఆ ఖాళీలోకి వచ్చిన పురుగుల పోటీలో లెక్క నిమిషాలకు. ఆలోచనకూ ఖర్చు ఉంటుంది. జపాన్ పిల్లలకు వేసవి సెలవుల్లో వల పట్టుకుని పురుగుల కోసం తిరగడం ఎంత సహజమో తెలిస్తే, ఈ పోటీ ఆ ఆటల్లో ఎంత సొంతింటి సరుకో అర్థమవుతుంది. ఆశ్చర్యమేమిటంటే, ఆ పిల్లలు ప్రాణంగా చూసుకునే కొమ్ముపురుగుకు ప్రతిరూపమైన హెరాక్రాస్ ఈ పార్కులో కనిపించదు. దాని కోసం చెట్లను తలతో గుద్ది చూడాల్సిందే.

గడియారం

గోల్డ్, సిల్వర్ 1999 నవంబరు 21న జపాన్‌లో విడుదలయ్యాయి. కార్ట్రిడ్జ్‌లో నిజమైన గడియారం ఇమడ్చడం ఈ పోటీకి ప్రాణం పోసింది. ఆట మొదట్లో ప్రొఫెసర్ ఓక్ గంట ఎంతైందని అడుగుతాడు. ఆ తరువాత అమ్మ పోకేగేర్ అనే పరికరం ఇస్తూ ఇవాళ ఏ వారమని అడుగుతుంది. అక్కడ చెప్పిన జవాబుతోనే పోటీ రోజులు ఖాయమవుతాయి. గేమ్‌బాయ్ ఆపేసినా బటన్ బ్యాటరీ మీద కాలం నడుస్తూనే ఉంటుంది. ఆదివారం పార్కుకు వెళ్తే పోటీ ఉండదు, మంగళవారం దాకా ఆగాలి. బడికి వెళ్లే పిల్లవాడి వారం, ఆటలోని వారం ఒకటే కావడం అప్పటికి కొత్త అనుభవం. దీనికి మూల్యమూ ఉంది. గడియారం ఆ బ్యాటరీని వేగంగా తాగేసేది. బ్యాటరీ చచ్చిపోతే దాచుకున్న ఆట మొత్తం పోయేది.

తీర్పు వెనుక లెక్క

పార్కులో పది జాతులు తిరుగుతాయి. ఎదురయ్యే అవకాశం కేటర్‌పీ, వీడిల్‌లకు చెరి 20 శాతం. మెటాపాడ్, కకూనా, వెనోనాట్, పారాస్‌లకు పదేసి శాతం. బటర్‌ఫ్రీ, బీడ్రిల్, గొల్లభామ లాంటి సైథర్, కోరల పెంకుపురుగు లాంటి పిన్సిర్‌లకు అయిదేసి శాతం. అంటే సైథర్ గానీ పిన్సిర్ గానీ ఎదురు కావడం పదింట ఒక్క వంతు.

న్యాయనిర్ణేత ఇచ్చే మార్కులు అరుదైన జాతికో అందానికో పడేవి కావు. గోల్డ్, సిల్వర్‌లో పురుగు గరిష్ఠ ఆరోగ్యాన్ని నాలుగుతో గుణిస్తారు. దానికి దాడి, రక్షణ, వేగం, ప్రత్యేక దాడి, ప్రత్యేక రక్షణల అంకెలు కలుపుతారు. పుట్టుకతో వచ్చిన దాగుడు విలువలకు కొన్ని పాయింట్లు, మిగిలి ఉన్న ఆరోగ్యంలో ఎనిమిదో వంతు, ఏదైనా వస్తువు పట్టుకుని ఉంటే ఒక పాయింటు చేరతాయి.

ఈ లెక్కలో ఒక చిత్రమైన పోటీ దాగి ఉంది. కేటర్‌పీ 18వ లెవెల్ దాకా దొరుకుతుంది, పిన్సిర్ 14 దాటదు. 18వ లెవెల్ కేటర్‌పీకి ఆరోగ్యం 47 ఉంటే నాలుగింతలు 188 అవుతుంది. 14వ లెవెల్ పిన్సిర్‌కు 44 ఉంటే 176. ఈ మెట్టు దగ్గర గొంగళిపురుగే పైన ఉంది. కానీ మిగతా అయిదు అంకెలు కూడితే దానికి 90 చుట్టుపక్కల వస్తాయి, పిన్సిర్‌కు 150 దాటుతాయి. చివరికి పిన్సిర్ యాభై పాయింట్ల పైచిలుకు తేడాతో నెగ్గుతుంది. 15వ లెవెల్ బటర్‌ఫ్రీ ఈ రెంటికీ మధ్య, 310 దరిదాపుల్లో నిలుస్తుంది. రెండో పురుగును పట్టినప్పుడు ఆట పాతదాన్నీ కొత్తదాన్నీ పక్కపక్కన చూపిస్తుంది గానీ, కనిపించేవి లెవెల్, ఆరోగ్యం మాత్రమే. తెర మీది ఈ రెండంకెలనే నమ్మి పిన్సిర్‌ను వదిలి కేటర్‌పీని ఉంచుకున్నవాళ్లు ఓడిపోతారు.

ప్రత్యర్థులు నిజంగా వేటాడరు. పదిమందిలో అయిదుగురు ఆ రోజు పార్కుకు వస్తారు. ప్రతి ఒక్కరికీ మూడు పురుగులు, వాటి మార్కులు ముందే రాసి ఉంటాయి. వాటిలో ఒకటి ఎంపికై, దాని మీద 0 నుంచి 7 దాకా ఏదో ఒక అంకె కలుస్తుంది. అందరిలో బలవంతుడు నిక్. అతని పిన్సిర్‌కు 368, సైథర్‌కు 357. బ్యారీ పిన్సిర్‌కు 366. సామ్యుయెల్, కిప్ లాంటివాళ్లు 300 కూడా చేరరు. నిక్, బ్యారీ రాని రోజు బటర్‌ఫ్రీతో కూడా నెగ్గవచ్చు. ఇద్దరూ తమ మేలైన పురుగులతో వస్తే మామూలు పిన్సిర్‌కూ ఓటమి తప్పదు. అందుకే పార్కులో ఎవరెవరు నిలబడి ఉన్నారో ఒకసారి చూసుకోవడం పనికొచ్చే అలవాటు.

గెలిచే దారి

పిన్సిర్, సైథర్‌లను బుట్టలో వేసుకోవడం తేలిక కాదు. పట్టుబడే రేటు కేటర్‌పీకి 255 అయితే వీటికి 45. పార్క్ బాల్ మామూలు పోకే బాల్ కంటే ఒకటిన్నర రెట్లు బలమైనదైనా చాలాసార్లు బద్దలు కొట్టుకుని బయటికి వస్తాయి. కొట్టి కొట్టి నీరసింపజేస్తే మిగిలిన ఆరోగ్యానికి వచ్చే నాలుగైదు పాయింట్లు పోతాయి, ఒక దెబ్బ ఎక్కువైతే పురుగే చేజారుతుంది. నిద్రపుచ్చడం అన్నిటికన్నా మంచి ఉపాయం. హూట్‌హూట్ 16వ లెవెల్‌లో హిప్నాసిస్ నేర్చుకుంటుంది. బెల్‌స్ప్రౌట్ 15లో నేర్చుకునే స్లీప్ పౌడర్ గురి దానికంటే నమ్మదగినది. పక్షవాతం, విషం కూడా పట్టుకోవడానికి సాయపడతాయని చాలామంది అనుకునేవారు. ఆ ఆటల ప్రోగ్రాంలోని లోపం వల్ల వాటికి ఏ ఫలితమూ లేదు, నిద్రకూ గడ్డకట్టడానికీ మాత్రమే ఉంది. వెంట తెచ్చుకున్న ఒక్కగానొక్క పోకేమాన్ సొమ్మసిల్లితే పోటీ అక్కడితో సరి.

చిన్న పురుగులతో పోరాడుతూ కూర్చోకుండా పారిపోయి మళ్లీ గడ్డిలో తిరగడం, మొదట ఒక బటర్‌ఫ్రీని భద్రంగా పట్టుకుని ఆపైన పెద్దవాటి కోసం బాల్స్ దాచుకోవడం అనుభవజ్ఞుల పద్ధతి.

బహుమతులు

మొదటి బహుమతి సన్‌స్టోన్. గ్లూమ్‌ను బెల్లోసమ్‌గా, సన్‌కెర్న్‌ను సన్‌ఫ్లోరాగా మార్చేది ఈ రాయే. గోల్డ్, సిల్వర్‌లో దాన్ని సంపాదించడానికి ప్రధాన దారి ఈ పోటీయే కావడంతో, పురుగుల మీద ఆసక్తి లేనివారూ వరస కట్టేవారు. రెండో బహుమతి పరిణామాన్ని ఆపే ఎవర్‌స్టోన్, మూడోది గోల్డ్ బెర్రీ. ఓడినవారికీ ఒక బెర్రీ ఇచ్చి పంపుతారు. పట్టిన పురుగు ఎలాగూ సొంతమే. టీవీ కార్టూన్‌లో కథానాయకుడు ఆష్ కూడా ఈ పోటీలో పాల్గొని బీడ్రిల్‌ను పట్టుకుని గెలిచాడు. ఆ బీడ్రిల్‌ను స్నేహితురాలు కేసీకి ఇచ్చేశాడు.

తరువాతి రూపాలు

2006 నాటి డైమండ్, పెర్ల్‌లో పాల్ పార్క్ వచ్చింది. పాత గేమ్‌బాయ్ అడ్వాన్స్ ఆటల నుంచి తరలించిన ఆరు పోకేమాన్‌లను అక్కడ వెతికి పట్టుకోవాలి. ఎంత త్వరగా ముగిస్తే అన్ని పాయింట్లు. పార్క్ బాల్ అనే పేరు అక్కడికి వెళ్లింది గానీ ఆ బాల్ ఎప్పుడూ గురి తప్పదు కాబట్టి పోటీలోని ఉత్కంఠ అక్కడికి రాలేదు.

అసలు పోటీ 2009 సెప్టెంబరు 12న జపాన్‌లో విడుదలైన హార్ట్‌గోల్డ్, సోల్‌సిల్వర్‌లో తిరిగి వచ్చింది. బాల్ పేరు ఆంగ్లంలో స్పోర్ట్ బాల్ అయింది. అన్ని ప్రాంతాల పోకేమాన్‌ల జాబితా అయిన నేషనల్ పోకేడెక్స్ దొరికాక వర్మ్‌పుల్, నింకాడా, కాంబీ లాంటి ఇతర ప్రాంతాల పురుగులూ పార్కులో చేరతాయి. మార్కుల పద్ధతి మారి, పట్టిన క్షణంలో మిగిలి ఉన్న ఆరోగ్యానికి విలువ బాగా పెరిగింది. పాత ఆటలో నిద్రపుచ్చడం ఒక మంచి ఉపాయమైతే ఇక్కడ దాదాపు అనివార్యం.

నింటెండో వారి మరో ఆట యానిమల్ క్రాసింగ్‌లో బగ్ ఆఫ్ పేరుతో దీనికి దగ్గరి బంధువు ఉంది. 2020లో వచ్చిన న్యూ హొరైజన్స్‌లో మూడు నిమిషాల్లో ఎన్ని పురుగులు పడితే అంత లాభం. అక్కడ దేన్నీ వదులుకోనక్కర్లేదు. చేతివేగం చాలు, తీర్పు అవసరం లేదు. అందువల్ల సరదాలో తక్కువ కాకపోయినా జోతో పోటీ అడిగే నిబ్బరం అది అడగదు.

హార్ట్‌గోల్డ్, సోల్‌సిల్వర్ తరువాతి ప్రధాన పోకేమాన్ ఆటల్లో ఈ పోటీ జరగలేదు. 2017 సెప్టెంబరు 22న నింటెండో 3డీఎస్ కోసం గోల్డ్, సిల్వర్ మళ్లీ విడుదలైనప్పుడు పోటీ యథాతథంగా వచ్చింది. ఏ పోకేమాన్ ఏ బాల్‌లో పట్టుబడిందో ఆ పాత ఆటలు గుర్తుపెట్టుకోవు కనుక, అక్కడ గెలిచిన పురుగుకు పార్క్ బాల్ ఆనవాలు మిగలదు. 2009 ఆటల్లో పట్టినవాటికి మిగులుతుంది. 2013 నాటి ఎక్స్, వై నుంచి తల్లి బాల్ పిల్లకు సంక్రమిస్తుండటంతో స్పోర్ట్ బాల్‌లోని ఆడ పురుగులకు సేకర్తల్లో గిరాకీ పెరిగింది. 2020లో స్వోర్డ్, షీల్డ్‌కు అనుబంధంగా వచ్చిన ఐల్ ఆఫ్ ఆర్మర్‌లో క్రామొమేటిక్ యంత్రంలో నాలుగు ఆప్రికార్న్ కాయలు వేస్తే అరుదుగా ఒక స్పోర్ట్ బాల్ బయటికి వస్తుంది. అప్పటి నుంచి పురుగులు కాని జాతులూ ఆ బాల్‌లోకి చేరాయి.