సిగరెట్టుదా, రాతినారదా? జబ్బు కారణాల లెక్కకు ఒక చరిత్ర

కూలివాడు జబ్బుపడి చనిపోతే ముందు వినబడేది వాడి అలవాట్ల గురించే. తాగేవాడు, బీడీలు కాల్చేవాడు అంటారు. పనిచోట ఏం పీల్చాడు, ఆ పనిలోకి వాణ్ణే ఎందుకు దించారు అని మాత్రం అడగరు. ఇది ఊళ్లో జనం మాటే అనుకోనక్కర్లేదు. రెండు కారణాలు కలిసి జబ్బు తెచ్చినప్పుడు దేని వాటా ఎంత అన్నదాని మీద ఎపిడెమియాలజీలోనే పెద్ద వాదం నడిచింది. ఆ వాదం మనకు పనికొచ్చేది.

1882లో రాబర్ట్ కాక్ క్షయ క్రిమిని చూపించాక, ఒక జబ్బుకి ఒక కారణం అన్న ఆలోచన బలపడింది. కేన్సర్ ఈ చట్రంలో ఇమడలేదు. సిగరెట్లు తాగే అందరికీ రాదు, తాగని కొందరికి వస్తుంది. 1960లో బ్రయన్ మెక్‌మాన్, ఆయన సహచరులు 'కారణాల సాలెగూడు' అన్న మాట తెచ్చారు. గూడు సరే, అల్లిన సాలీడు ఏది అని 1994లో నాన్సీ క్రీగర్ అడిగారు. ఆ ప్రశ్న ఎంత అవసరమో రాతినార, అంటే ఆస్బెస్టాస్, కథ చెబుతుంది.

అమెరికా, కెనడాల్లో పైపులకు, బాయిలర్లకు రాతినార చుట్టే కార్మికుల్ని ఇర్వింగ్ సెలికాఫ్, కైలర్ హామండ్ ఏళ్ల తరబడి పరిశీలించారు. 1979లో అచ్చయిన లెక్క ఇది. లక్షమందికి ఏడాదికి ఊపిరితిత్తుల కేన్సర్ చావులు: సిగరెట్టు, రాతినార రెండూ లేనివాళ్లలో 11. రాతినార మాత్రమే ఉంటే 58. సిగరెట్టు మాత్రమే ఉంటే 123. రెండూ ఉంటే 602.

ఇక్కడే పేచీ. కూడికతో చూస్తే రాతినార పెంచేది 47, సిగరెట్టు పెంచేది 112. మొదటి 11తో కలిపితే 170 కావాలి. అయ్యింది 602. మిగిలిన 432 చావులు ఆ రెండూ కలవడం వల్ల వచ్చినవే. కానీ గుణకారంతో చూస్తే రాతినార 5 రెట్లు, సిగరెట్టు 11 రెట్లు, రెండూ కలిస్తే 55 రెట్ల దాకా కావాలి. అయ్యింది 53 రెట్లు. అంటే ఈ లెక్కలో కలయిక ప్రభావం ఏమీ లేదు! అవే శవాలు, అవే అంకెలు. ఒక కొలతలో కలయిక కొండంత, ఇంకో కొలతలో సున్నా.

కెన్నెత్ రాత్మన్ 1974లో, 1976లో రాసిన వ్యాసాలు ఈ చిక్కుముడి విప్పడానికి దారి చూపించాయి. జబ్బు రావాలంటే కొన్ని ముక్కలు కలిసి పూర్తి కారణం కావాలి. మూడు రాళ్ల పొయ్యి లాంటిదనుకోండి. ఏ రాయి లాగేసినా కుండ నిలవదు. కుండని నిలబెట్టడంలో ఏ రాయి వాటా ఎంత అని అడగడమే తప్పు. పై లెక్కలోనే రాతినార తీసేస్తే నూటికి 80 చావులు తప్పుతాయి, సిగరెట్టు తీసేస్తే 90 తప్పుతాయి. కలిపితే 170! వాటాలు నూటికి మించుతాయి కాబట్టి ఒకరి వాటా చూపించి ఇంకొకరు తప్పించుకోలేరు. ఎన్ని ప్రాణాలు నిలబెట్టగలం అన్నదే ప్రశ్న అయితే కూడిక కొలతే సరైనదని 1980లో రాత్మన్, గ్రీన్‌లాండ్, వాకర్ తేల్చి రాశారు.

అయినా నష్టపరిహారం కేసుల్లో కంపెనీల వకీళ్లు సిగరెట్టునే ముందు పెట్టారు. మీసోథీలియోమా అనే ఇంకో కేన్సర్ రాతినార వల్ల వస్తుంది. దానికి సిగరెట్టుతో సంబంధమే లేదు. అక్కడ ఆ సాకు చెల్లదు.

అలవాటు మీదకు నెట్టినట్టే పుట్టుక మీదకూ నెట్టొచ్చు. పిట్స్‌బర్గ్ ప్రాంతపు ఉక్కు కార్మికుల్లో కోక్ ప్లాంట్ల నల్లవాళ్లకు ఊపిరితిత్తుల కేన్సర్ ఎక్కువగా కనిపించింది. జాతి లక్షణం అని వదిలేయడం తేలికే. విలియం లాయిడ్ ఎవరు ఎక్కడ నిలబడి పనిచేశారో చూశాడు. ఓవెన్ల నెత్తిన, పొగలో, ఐదేళ్లు, అంతకు మించి పనిచేసినవాళ్లలో ఈ చావులు మామూలు కంటే పదిరెట్లని 1971లో చూపించాడు. నల్లవాళ్లను ఎక్కువగా పెట్టింది ఆ ఓవెన్ల దగ్గరే. జాతి అనుకున్నది పని పంపకం. పుట్టుకను బట్టి పని పంచడం ఏమిటో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు.

రాతినార మనకూ దూరం కాదు. పులివెందుల ప్రాంతంలో దాని గనులుండేవి. వాడల్లో సిమెంటు రేకులంటూ కప్పుకున్నది దాన్నే. 1995లో సుప్రీంకోర్టు ఆస్బెస్టాస్ కేసులో, కార్మికుడి ఆరోగ్యం బతికే హక్కులో భాగమంది. ఆరోగ్య రికార్డులు పనిలో చేరిన నాటి నుంచి కనీసం 40 ఏళ్లు దాచాలంది. రికార్డు లేని కాంట్రాక్టు కూలీకి ఏ కొలతా లేదు. కాబట్టి చావు లెక్క తీసేటప్పుడు బీడీ గురించి అడగండి, తప్పు లేదు. దాంతో పాటు దుమ్ము గురించీ, ఆ దుమ్ములోకి ఎవరిని దించారన్నదాని గురించీ అడగండి. మూడోది అడగని లెక్క ఎంత పెద్ద శాస్త్రం పేరు పెట్టుకున్నా సగం లెక్కే.