కుక్క బోను

కుక్క బోను అనగా పెంపుడు కుక్కను కొంతసేపు, ముఖ్యంగా రాత్రి నిద్రవేళ, ఉంచటానికి వాడే తలుపు గల చిన్న గూడు. వీటిని ఇనుప తీగలతోను, ప్లాస్టిక్కుతోను, చెక్కతోను తయారు చేస్తారు. దుకాణాలలో దీనిని కేజ్ అని, క్రేట్ అని పిలుస్తారు. సరిగా అలవాటు చేసినచో ఇది కుక్కకు పడకగది వంటిది. అలవాటు చేయకుండా గడియ పెట్టినచో చెరసాల వంటిది. తెలంగాణలోని జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాల పరిస్థితులను దృష్టిలో ఉంచుకొని ఈ పద్ధతిని ఈ వ్యాసం వివరిస్తుంది.

పేరు

తెలుగులో బోను అనే మాట ఎలుకల బోను, పులి బోను వంటి పట్టుకొనే సాధనాలకు, న్యాయస్థానంలో సాక్షి నిలబడే చోటుకు కూడా వర్తిస్తుంది. అందువలన ఆ మాట వినగానే శిక్ష అనే భావం కలుగుతుంది. కుక్క తన ఇష్టప్రకారం వచ్చిపోయే దానిని గూడు అంటారు. ఈ రెంటికీ ముఖ్యమైన తేడా తలుపుకు వేసే గడియ.

ఈ ప్రాంతంలో కుక్కల పెంపకం

ఈ మూడు జిల్లాలు 2016 అక్టోబరు 11న, ప్రధానంగా పూర్వపు వరంగల్ జిల్లా భాగాలతో ఏర్పడినవి. జనగామ మెట్ట ప్రాంతం. ఇక్కడ గొల్ల, కురుమ కులాలవారు గొర్రెలను, మేకలను పెంచుతారు. మందను చేలలో నిలిపిన రాత్రులలో కుక్కలు కావలి కాస్తాయి. పల్లెలలో ఇంటి కుక్క వాకిట్లోనో, పశువుల కొట్టం దగ్గరో పడుకొంటుంది. రాత్రి మేలుకొని మొరగటమే దాని పని కనుక దానిని మూసి ఉంచే ఆచారం పల్లెలలో లేదు. పట్టణాలలో లాబ్రడార్, పొమేరేనియన్ వంటి జాతులను ఇంటిలోపల పెంచేవారికి బోను అవసరం కలుగుతుంది.

ఉపయోగాలు

కుక్క సాధారణంగా తాను పడుకొనే చోటును మలమూత్రాలతో పాడుచేయదు. ఈ స్వభావం ఆధారంగానే కుక్కపిల్లకు శుభ్రత నేర్పటంలో బోనును వాడుతారు. పిల్ల రాత్రివేళ విద్యుత్ తీగలు, చెప్పులు కొరకకుండా కూడా ఇది ఆపుతుంది. రాత్రి విడిచిన కుక్క వీధికుక్కలతో కొట్లాడినచో రేబిస్ సోకే ప్రమాదం ఉన్నది. అయితే మూసి ఉంచటం టీకాకు ప్రత్యామ్నాయం కాదు. పశువైద్యుని సలహాపై రేబిస్ టీకాను మూడు నెలల వయసు నుండి క్రమం తప్పక వేయించవలెను.

పరిమాణం

కుక్క తల వంచకుండా నిలబడటానికి, వెనుకకు తిరగటానికి, కాళ్ళు చాచి పడుకోవటానికి చాలినంత చోటు ఉండవలెను. పెద్దజాతి పిల్లకు మరీ పెద్ద బోను ఇచ్చినచో ఒక మూల పడుకొని మరొక మూల పాడుచేస్తుంది. అందుచేత అడ్డుపలక పెట్టి, పిల్ల పెరిగినకొద్దీ జరుపుతారు.

అలవాటు చేసే విధానం

* మొదట తలుపు తెరిచి ఉంచి, లోపల పాత దుప్పటి పరచి, ఆహారం అక్కడే పెట్టవలెను.
* కుక్క తనంతట తాను లోపలికి పోవటం మొదలైన తరువాత, పగటిపూట కొన్ని నిమిషాలు మాత్రమే తలుపు మూసి, క్రమంగా వ్యవధి పెంచవలెను.
* మొదటి రాత్రులలో బోనును మనుషులు పడుకొనే చోటుకు దగ్గరగా ఉంచవలెను. తల్లి నుండి వేరైన పిల్ల ఒంటరితనంతో ఏడుస్తుంది.
* మెడపట్టీ తీగలకు చిక్కి ఉరి బిగుసుకొనవచ్చును. లోపల ఉంచేముందు దానిని తీసివేయవలెను.
* శిక్షగా బోనులో పెట్టకూడదు.

రాత్రి చివరి ఆహారాన్ని నిద్రకు మూడు, నాలుగు గంటల ముందు పెట్టి, పడుకొనేముందు బయట తిప్పవలెను. రెండు నెలల పిల్ల సుమారు మూడు గంటలకొకసారి బయటికి పోవలసి ఉంటుంది. ఆరు నెలలు నిండిన తరువాత చాలా కుక్కలు రాత్రంతా ఓర్చుకోగలవు. కుక్క చువ్వలు కొరికి పళ్ళు, గోళ్ళు విరగ్గొట్టుకొంటున్నచో ఆ పద్ధతిని వెంటనే మాని పశువైద్యుని సంప్రదించవలెను.

ఎండాకాలం

ఈ ప్రాంతంలో వేసవి పగటి ఉష్ణోగ్రత 45 డిగ్రీల సెల్సియస్ దాటటం కలదు. రేకుల ఇండ్లు, కాంక్రీటు కప్పు గల ఇండ్లు పగలు పీల్చిన వేడిని రాత్రి వదులుతాయి. కుక్కకు స్వేదగ్రంథులు ముఖ్యంగా పాదాల అడుగున మాత్రమే ఉన్నందున, అది నాలుక చాచి రొప్పటం ద్వారానే ఒంటి వేడి తగ్గించుకొంటుంది. దాని సాధారణ శరీర ఉష్ణోగ్రత సుమారు 38.5 డిగ్రీలు; 41 డిగ్రీలు దాటినచో ప్రాణాపాయం. గాలి ఆడని బోనులో ఉన్న కుక్క చల్లని చోటుకు జరగలేదు. కావున వేసవిలో నీరు ఎల్లప్పుడూ అందుబాటులో ఉండవలెను. బోనును మేడపైన, రేకుల కింద ఉంచకూడదు. గోడల, గూళ్ళ పగుళ్ళలో పిడుదులు దాగి ఉంటాయి కనుక తరచు శుభ్రపరచవలెను.

అటవీ గ్రామాలు

భూపాలపల్లి జిల్లాలో మహదేవ్‌పూర్, పలిమెల, మహాముత్తారం, మహబూబాబాద్ జిల్లాలో కొత్తగూడ, గంగారం మండలాలలో అడవులు ఉన్నవి. అడవి అంచు గ్రామాలలో చిరుతపులి కుక్కలను వేటాడుతుంది. మహారాష్ట్రలోని అకోలే ప్రాంతంలో జరిపిన ఒక పరిశోధనలో చిరుతల ఆహారంలో, జీవద్రవ్యరాశి లెక్కన, 39 శాతం పెంపుడు జాతి కుక్కలేనని తేలింది. ఇటువంటి చోట వాకిట్లో గొలుసుతో కట్టిన కుక్క పారిపోలేదు, దాగలేదు. విడిచిన కుక్కకన్నా దానికే ఎక్కువ ప్రమాదం. పలుచని తీగల బోను ఆరుబయట ఉన్నా రక్షణ కాదు. తలుపు గల గదిలో గాని, మూడు వైపుల గోడ, ముందు గట్టి ఇనుప చువ్వలు గల గూటిలో గాని ఉంచటం మేలు.

చట్టం

జంతువులపై క్రూరత్వ నిరోధక చట్టం, 1960లోని సెక్షన్ 11 ప్రకారం, జంతువు కదలటానికి తగినంత చోటులేని బోనులో ఉంచటం, అకారణంగా పొట్టి గొలుసుతో ఎక్కువసేపు కట్టివేయటం నేరాలు. ఎప్పుడూ గొలుసుతోనో, ఇరుకు నిర్బంధంలోనో ఉంచే కుక్కకు యజమాని తగిన వ్యాయామం కల్పించకపోవటం కూడా ఇదే సెక్షన్ కింద నేరం. మొదటి నేరానికి జరిమానా 10 నుండి 50 రూపాయలు మాత్రమే.

విమర్శలు

బోను వాడకంపై ఏకాభిప్రాయం లేదు. అమెరికాలో ఇది సర్వసాధారణం. స్వీడన్, ఫిన్లాండ్ దేశాలలో ప్రయాణం వంటి కొన్ని సందర్భాలలో తప్ప ఇంటివద్ద కుక్కను బోనులో మూసి ఉంచటాన్ని చట్టం అనుమతించదు. పగలంతా మూసి, రాత్రి కూడా మూసి ఉంచటం హానికరమని బోనును సమర్థించేవారు సైతం అంగీకరిస్తారు. శుభ్రత అలవడిన పెద్ద కుక్కకు గడియ అవసరం తక్కువ. తలుపు తెరిచి ఉంచినా అది తన గూటిలోనే పడుకొనటం శిక్షణ సఫలమైనదనటానికి గుర్తు.

ఇవి కూడా చూడండి

* కుక్క
* రేబిస్
* చిరుతపులి
* జయశంకర్ భూపాలపల్లి జిల్లా