మూగమహలు

మానవుని మొదటి భాష యేది అన్న ప్రశ్న పూర్వులను చాలకాలము వేధించినది. ఈజిప్టు రాజొకడు ఇద్దరు శిశువులను మాట వినబడని చోట పెంచి పరీక్షించినాడని హెరొడొటస్ వ్రాసినాడు. అది కట్టుకథయే కావచ్చును. 16వ శతాబ్దిలో మన దేశమున జరిగినది మాత్రము కథ కాదు.

1582కు మూడు నాలుగేండ్ల ముందు అక్బరు చక్రవర్తి జనావాసమునకు దూరముగా ఒక భవనము కట్టించి, కొందరు పసిబిడ్డలను దాదుల వశము చేసినాడు. పోషణలో లోపముండరాదు, మాట మాత్రము ఆడరాదు. లోకులు దానిని గుంగ్ మహల్, అనగా మూగమహలు, అన్నారు. మాట వినికిడివలననే వచ్చునని చక్రవర్తి నమ్మెననీ, సందేహించిన వారికి నిరూపించుటకే ఈ పని చేసెననీ అబుల్ ఫజల్ వ్రాత. ఆ పిల్లలు ఏ మతమువైపు మొగ్గుదురో చూచుటకని బదాయూనీ వ్రాత. ఒకడు ఆస్థాన స్తోత్రకారుడు, మరొకడు రహస్యముగా దెప్పి వ్రాసినవాడు. అయినను ఫలితము విషయమున ఇద్దరిదీ ఒకే మాట: పిల్లలు మూగలైనారు. కొందరు మరణించిరని బదాయూనీ అదనముగా చెప్పినాడు.

చక్రవర్తి ఊహ నిజమే కాని, సగము నిజము. ఆ భవనములో కరవైనది వినికిడి ఒక్కటే కాదు, బదులు పలికేవారు. తెలుగింట ఊయల దగ్గర జరిగేది చూడండి. తల్లి వంగి "ఉంగా" అని ఆగుతుంది. ఆ ఆగడములోనే ఉన్నది కిటుకంతా. బిడ్డ తనకు వచ్చిన ధ్వనియేదో చేస్తుంది. దానికేదో అర్థమున్నట్లే తల్లి మరల బదులిస్తుంది. మాట రాకముందే సంభాషణ వచ్చినదన్నమాట. పిమ్మట బువ్వ, లాల, బజ్జో. పెదవులకు, నాలుక కొనకు సులభముగా అందే మాటలివి. వ్యాకర్తలు వీటిని పట్టించుకొన్నది తక్కువ. తారంగమాడించేటప్పుడు చేతులతో లయ పట్టుబడుతుంది. అన్నము తినిపిస్తూ ఇది కాకి ముద్ద, ఇది పిచ్చుక ముద్ద అంటే, తినే పిల్లకు లోకములోని పేర్లు ముద్ద ముద్దకూ అందుతవి. ఇంకొంచెము పెరిగిన తరువాత అవ్వ కథ చెపుతుంది. పిల్ల "ఊ" కొట్టకపోతే కథ సాగదు. వినేవానికి కూడ కథలో పని ఉన్నదని ఇంత చక్కగా చెప్పిన అలంకారికుడు లేడు.

అక్బరుకు ముందే తాళ్లపాక అన్నమాచార్యుడు (1408–1503) జోలను పదకవితలోనికి తెచ్చి వేంకటపతిని ఊయలలో వేసినాడు. ఆ రూపము ఆయన కల్పించినది కాదు. పేరు లేని స్త్రీల నోట విన్నది. మన వాఙ్మయ చరిత్రలు ఆ ఋణమును ఇంకను లెక్క వేయవలసి యున్నది.

1582లో చక్రవర్తి ఆ భవనమును చూడబోయినప్పుడు మూగల రొద తప్ప మాట యేదియు వినబడలేదని అబుల్ ఫజల్ వ్రాసినాడు. పిల్లలు సుమారు ఇరువదిమంది అనీ, తల్లులకు ధనమిచ్చి వారిని తెచ్చిరనీ బదాయూనీ వ్రాసినాడు. ఆ తల్లుల పేర్లు వ్రాయలేదు.