కన్నం చూసి పురుగును చెప్పాలి

ఇవాళ కాఫీ మా మన్యం ఇంటి పంట. కానీ అది మన అడవిలో పుట్టిన మొక్క కాదు. అరబికా పుట్టిల్లు ఆఫ్రికాలోని ఇథియోపియా. తెల్లదొరల కాలంలో, 1898లో, పాములేరు లోయలో తొలి మొక్కలు నాటారని చెబుతారు. తర్వాత అటవీ శాఖ తోటలు వేసింది. అక్కడ కూలికి వెళ్లి నేర్చిన పనితోనే మా పెద్దలు పోడు కొండల మీద సొంతంగా కాఫీ పెట్టుకున్నారు. 2019లో అరకు లోయ అరబికాకు భౌగోళిక గుర్తింపు వచ్చింది.

ఇది మొక్క చరిత్ర. పురుగులకూ చరిత్ర ఉంది.

కాండం తొలిచే పురుగు మన ఆసియాదే. నల్లని ఒంటిపై తెల్లని చారలుంటాయి. బయటి నుంచి వచ్చిన కాఫీని ఇక్కడి పురుగు తినడం నేర్చుకుంది. ఎండ పడే కాండం బెరడు పగుళ్లలో గుడ్లు పెడుతుంది. అందుకే నీడచెట్టు నరికిన తోటలో దాని బెడద ఎక్కువ.

కాయ తొలిచే పురుగు ఆఫ్రికాది. కాఫీ వచ్చిన చాలా ఏళ్లకు దాని వెనకే వచ్చింది. మన దేశంలో 1990లో నీలగిరుల్లోని గూడలూరులో మొదట కనిపించింది. 2025లో అరకు చేరింది.

చిక్కు ఇక్కడే ఉంది. కొమ్మ తొలిచే పురుగు ఒకటి ఆసియాలోనే ఉంది. రొబస్టాలో ఎక్కువ. అదీ, కాయ పురుగూ రెండూ నల్లనివే, రెండు మిల్లీమీటర్లకు లోపే. అరచేతిలో పెట్టి చూస్తే తేడా తెలియదు. కాబట్టి ముందు కన్నం ఎక్కడుందో చూడాలి. కాయ బొడ్డు దగ్గర సూదిమొనంత కన్నం ఉంటే కాయ పురుగును అనుమానించాలి. లేతకొమ్మ అడుగున కన్నం ఉండి, ఆ కొమ్మ ఆకులు ఎండితే కొమ్మ పురుగు. మొక్క వాడి, కాండం మీద గట్లలా ఉబ్బితే కాండం పురుగు.

మందు కూడా దేనికి దానిదే. కాండం పురుగు పట్టిన మొక్కను పీకి కాల్చాలి. కొమ్మ పురుగుకు కొమ్మ కోస్తే చాలు. కాయ పురుగుకు చెట్టు నరికితే నష్టం మనకే. చెట్టుమీదా నేలమీదా ఒక్క కాయ మిగలకుండా ఏరాలి, పురుగు పట్టిన కాయలను మరిగే నీళ్లలో ముంచాలి, గోనెసంచులు తోట నుంచి తోటకు తిప్పకూడదు. పేరు తప్పు చెబితే ఏళ్ల తరబడి పెంచిన చెట్టు పోతుంది, లేదా పొరుగు తోట కూడా పాడవుతుంది.

టీచర్లు ఒక భూతద్దం, ఒక నోటుబుక్కు తీసుకుని పిల్లలతో తోటకు వెళ్లాలని మా కోరిక. తేదీ, తోట, కన్నం ఉన్న చోటు రాయించండి. మన కొండకు ఏ పురుగు ఎప్పుడు వచ్చిందో రేపు ఎవరైనా అడిగితే, జవాబు మన పిల్లల రాతలోనే దొరకాలి.