జార్జ్ హారిసన్: సంగీతానికీ, కార్ల రేసుకూ మధ్య ఒక జీవితం

బీటిల్స్ బృందంలో లీడ్ గిటారిస్టు జార్జ్ హారిసన్ (1943–2001) పేరు వినగానే మనకు పండిట్ రవిశంకర్, సితార్, రిషీకేశ్ గుర్తుకొస్తాయి. భారతీయ సంగీతాన్ని పాశ్చాత్య శ్రోతల ఇళ్ళలోకి తీసుకెళ్ళినవారిలో ఆయన ముఖ్యుడు. ఆయనకు ఇంకో పిచ్చి కూడా ఉండేది. అది ఫార్ములా వన్ కార్ల రేసు. జపమాల తిప్పే మనిషికి గంటకు 250 కిలోమీటర్ల వేగంతో పనేమిటని అప్పట్లో చాలామంది వింతపడ్డారు. ఆ రెండు ఇష్టాలూ ఎలా పుట్టాయి, ఎక్కడ కలిశాయి, ఒకటి రెండోదాన్ని ఎలా నిలబెట్టింది అన్నది ఈ వ్యాసంలో చెబుతున్నాం.

బాల్యం: బస్సు డ్రైవరు కొడుకు

హారిసన్ 1943 ఫిబ్రవరి 25న ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్‌లో పుట్టారు. తండ్రి సిటీ బస్సు నడిపేవారు. లివర్‌పూల్ శివార్లలో ఐంట్రీ అనే గుర్రప్పందేల మైదానం ఉంది. 1954లో దాని చుట్టూ కార్ల ట్రాక్ కూడా వేశారు. 1955 జులైలో అక్కడ బ్రిటిష్ గ్రాండ్ ప్రి జరిగింది. మెర్సిడెస్ కారులో స్టిర్లింగ్ మాస్ గెలిచారు. మహా దిట్ట అయిన హువాన్ మాన్యుయెల్ ఫాంజియో ఆయన వెనకే రెండో స్థానంలో వచ్చారు. ఆ రోజు చూడవచ్చిన జనంలో పన్నెండేళ్ళ జార్జ్ కూడా ఉన్నాడు.

ఆ వయసులో మన పిల్లలు సినిమా తారల బొమ్మలు, క్రికెట్ ఆటగాళ్ళ బొమ్మలు దాచుకుంటారు. జార్జ్ కార్ల బొమ్మలు దాచుకున్నాడు. బాక్స్ కెమెరాతో రేసు కార్లను ఫొటోలు తీసేవాడు. చిరునామా దొరికితే చాలు, కార్ల కంపెనీలకు ఉత్తరాలు రాసి ఫొటోలు తెప్పించుకునేవాడు. గిటారు చేతికొచ్చాక ఆ ఇష్టం వెనక్కి తగ్గింది, పోలేదు. బీటిల్స్‌గా డబ్బు వచ్చాక ఆయన కొన్నవాటిలో ఆస్టన్ మార్టిన్ లాంటి వేగవంతమైన కార్లు ఉన్నాయి. తాంత్రిక చిత్రాలు వేయించిన ఆయన మినీ కూపర్ కారు 1967 నాటి 'మ్యాజికల్ మిస్టరీ టూర్' చిత్రంలో కనిపిస్తుంది.

సితార్ దారి

1965లో 'నార్వీజియన్ వుడ్' పాటలో హారిసన్ సితార్ వాయించారు. మరుసటి ఏడాది రవిశంకర్ పరిచయమయ్యారు. 1966 సెప్టెంబరులో హారిసన్ బొంబాయి వచ్చి తాజ్ హోటల్లో బస చేసి ఆయన దగ్గర పాఠాలు మొదలుపెట్టారు. 1968 జనవరిలో మళ్ళీ బొంబాయి వచ్చి హెచ్.ఎం.వి. స్టూడియోలో మన వాద్యకారులతో 'వండర్‌వాల్ మ్యూజిక్' కోసం రికార్డింగులు చేశారు.

1971 ఆగస్టు 1న న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో బంగ్లాదేశ్ శరణార్థుల సహాయార్థం కచేరీ జరిపించింది హారిసన్, రవిశంకర్‌లే. అందులో అలీ అక్బర్ ఖాన్ సరోద్, అల్లా రఖా తబలా వాయించారు. 1974లో రవిశంకర్ బృందాన్ని హారిసన్ తన అమెరికా, కెనడా యాత్రకు వెంట తీసుకెళ్ళారు. ఆ బృందంలో కర్ణాటక సంగీతం నుంచి వయొలిన్ విద్వాంసుడు ఎల్. సుబ్రహ్మణ్యం, మృదంగ విద్వాంసుడు టి.వి. గోపాలకృష్ణన్ ఉన్నారు.

పాట ఆగిన ఏడాది

1974 యాత్రలో హారిసన్ గొంతు దెబ్బతింది. పత్రికలు కటువుగా రాశాయి. 1976లో కామెర్లతో మంచం పట్టారు. అదే ఏడాది ఆయన ప్రఖ్యాత గీతం 'మై స్వీట్ లార్డ్' బాణీ పాత అమెరికన్ పాట ఒకదాన్ని తెలియకుండానే అనుకరించిందని న్యూయార్క్ కోర్టు తీర్పు చెప్పింది. తన బాణీ తనదేనా అని ప్రతిసారీ అనుమానించుకోవలసి వస్తే పాట కట్టడం ఎంత కష్టమో సంగీతం తెలిసినవారికి వేరే చెప్పక్కర్లేదు.

1977లో ఆయన రికార్డింగులు పక్కనపెట్టి రేసుల వెంట తిరిగారు. మూడుసార్లు ప్రపంచ విజేత అయిన స్కాట్లండ్ డ్రైవరు జాకీ స్టీవర్ట్ ఆయనకు ఆప్తమిత్రుడయ్యారు. బ్రెజిల్ డ్రైవరు ఎమర్సన్ ఫిట్టిపాల్డీ కూడా స్నేహితుడే. ట్రాక్ పక్కన హారిసన్ ఒక మామూలు అభిమాని. అక్కడి హీరోలు వేరే. బీటిల్స్ మళ్ళీ ఎప్పుడు కలుస్తారని అడిగే ప్రపంచానికి దూరంగా గాలి పీల్చుకునే చోటు ఆయనకు అక్కడ దొరికింది.

నిక్కీ లౌడా మాట

ఆస్ట్రియా డ్రైవరు నిక్కీ లౌడా కథ రేసు అభిమానులకు తెలిసిందే. 1976 ఆగస్టు 1న జర్మనీలోని న్యూర్‌బుర్గ్‌రింగ్ ట్రాక్‌లో ఆయన కారు మంటల్లో చిక్కుకుంది. ప్రాణం దక్కుతుందన్న ఆశ లేని మనిషి ఆరు వారాల్లో, ముఖాన కట్లతోనే, మోంజా రేసుకు వచ్చారు. 1977లో మళ్ళీ ప్రపంచ విజేత అయ్యారు.

ఆ రోజుల్లో లౌడా మాటల మధ్య ఒక విషయం అన్నారు. రేసుల వెనక నడిచే రాజకీయాలతో విసిగి ఇంటికి చేరాక హాయిగా సంగీతం వినడమే తనకు ఇష్టమని. ఆ మాట హారిసన్‌కు గుచ్చుకుంది. వీళ్ళంతా పాటల మీద ఆధారపడుతుంటే పాటలు కట్టవలసిన తాను ఊరికే కూర్చున్నానే అనిపించిందని 1979లో ఒక ముఖాముఖిలో చెప్పారు. ఆ తర్వాతే మళ్ళీ పాటలు రాయడానికి కూర్చున్నారు.

హారిసన్ జీవితంలో మాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచే ఘట్టం ఇదే. రెండో ఇష్టం మొదటి పనికి అడ్డమని మన ఇళ్ళలో తరచూ అంటాం. ఇక్కడ జరిగింది వేరు. రేసు ట్రాక్ ఆయనకు ఒక శ్రోతను చూపించింది. పాట ఎవరికి కావాలో తెలిశాక పాట వచ్చింది.

'ఫాస్టర్' పాట

1979 ఫిబ్రవరిలో విడుదలైన 'జార్జ్ హారిసన్' ఆల్బమ్‌లో 'ఫాస్టర్' అనే పాట ఉంది. పేరు జాకీ స్టీవర్ట్ 1972లో వెలువరించిన పుస్తకం పేరు నుంచి వచ్చింది. స్ఫూర్తి స్టీవర్ట్, లౌడాలది. పాట రేసు కార్ల హోరుతో మొదలవుతుంది. ఆ హోరు 1978 బ్రిటిష్ గ్రాండ్ ప్రిలో రికార్డు చేసినది. ఆ శబ్దాలు తీసేసి వింటే ఇది కార్ల పాటని చెప్పే మాటలు కొన్నే. మిగతాదంతా ప్రాణాలొడ్డి తనకు నచ్చిన పని చేసే మనిషి గురించి, అతన్ని చూసి మురిసేవారి గురించి, అసూయపడేవారి గురించి. బీటిల్స్‌లో ఒకడిగా బతికిన మనిషి తన కథ కూడా అందులో రాసుకున్నాడని విన్నవారికి తెలుస్తుంది.

పాట తయారైన కాలం విషాదకాలం. 1978 సెప్టెంబరులో మోంజా ప్రమాదం తర్వాత స్వీడన్ డ్రైవరు రోనీ పీటర్సన్ మరణించారు. అక్టోబరులో మరో స్వీడన్ డ్రైవరు గున్నార్ నిల్సన్ క్యాన్సర్‌తో కన్నుమూశారు. నిల్సన్ చివరి నెలల్లో క్యాన్సర్ చికిత్స కోసం ఒక నిధి ప్రారంభించారు. 1979 జులైలో బ్రిటన్‌లో 'ఫాస్టర్' విడి రికార్డుగా వచ్చినప్పుడు దాని రాబడిని హారిసన్ ఆ నిధికే ఇచ్చారు. డ్రైవర్ల బొమ్మలు ముద్రించిన రికార్డు కూడా వేశారు. పాట చిత్రీకరణలో జాకీ స్టీవర్ట్ కారు డ్రైవరుగా స్టీరింగ్ పట్టుకుంటే, వెనక సీట్లో హారిసన్ గిటారు వాయిస్తూ కూర్చుంటారు.

అదే ఏడాది డోనింగ్టన్ ట్రాక్‌లో నిల్సన్ స్మారక కార్యక్రమం జరిగింది. స్టిర్లింగ్ మాస్ నడిపిన పాత లోటస్ 18 కారును ఆ రోజు హారిసన్ నడిపారు. పన్నెండేళ్ళప్పుడు కంచె అవతల నిలబడి చూసిన మనిషి కారు అది.

ఇంజిన్ హోరులో స్వరం

సంగీతకారుల చెవికి రేసు కారు ఎందుకు నచ్చుతుంది? దీనికి ఒక చిన్న లెక్క ఉంది. 1970ల్లో ఎక్కువ జట్లు వాడిన కాస్‌వర్త్ ఇంజిన్‌కు ఎనిమిది సిలిండర్లు. నిమిషానికి 10,500 చుట్లు తిరిగితే సెకనుకు 175 చుట్లు. ఒక్కో చుట్టుకు నాలుగు సిలిండర్లు పేలుతాయి. అంటే సెకనుకు 700 పేలుళ్ళు. చెవికి అది విడివిడి చప్పుళ్ళుగా కాక ఒక నిలకడైన స్వరంగా వినిపిస్తుంది. ఫెరారీ పన్నెండు సిలిండర్ల ఇంజిన్ 12,000 చుట్ల దగ్గర సెకనుకు 1,200 పేలుళ్ళతో ఇంకా పై శ్రుతిలో పాడుతుంది. గేరు మార్చిన ప్రతిసారీ ఆ స్వరం కిందికి దిగి మళ్ళీ జారుగా పైకెక్కుతుంది. సంగీతం నేర్చినవారికి అందులో గమకం వినిపిస్తే ఆశ్చర్యం లేదు.

ఇంకో విశేషం. కారు మన వైపు వస్తున్నప్పుడు శ్రుతి ఎక్కువగా, దాటిపోయాక తక్కువగా వినిపిస్తుంది. రైలు కూత విషయంలో మనందరికీ ఇది అనుభవమే. 250 కిలోమీటర్ల వేగంతో దాటే కారుకు ఆ రెండు శ్రుతుల నిష్పత్తి దాదాపు 3:2. మన లెక్కలో అది పంచమానికీ షడ్జానికీ ఉన్న దూరం. ట్రాక్ పక్కన నిలబడితే ప్రతి కారూ పంచమం మీద వచ్చి షడ్జం మీదికి దిగి వెళ్ళిపోతుందన్నమాట.

స్వరాల మీద హారిసన్ మమకారం ఇంటిదాకా వచ్చింది. 1978 ఆగస్టు 1న పుట్టిన కొడుక్కి 'ధని' అని పేరు పెట్టుకున్నారు. సప్తస్వరాల్లోని ధ, ని కలిపిన పేరది.

ఏకాగ్రత రెండింటా ఒకటే

హారిసన్ జీవితం మీద 2011లో మార్టిన్ స్కోర్సీసీ తీసిన డాక్యుమెంటరీలో జాకీ స్టీవర్ట్ మాట్లాడారు. ఉత్తమ స్థాయిలో కారు నడిపేటప్పుడూ, ఉత్తమ స్థాయిలో గిటారు వాయించేటప్పుడూ మనిషి ఇంద్రియాలన్నీ పదునెక్కుతాయని, ఆ స్థితి గురించే తామిద్దరూ మాట్లాడుకునేవారమని ఆయన మాటల సారం. ధ్యానం చేసే మనిషికి వేగం ఎందుకు నచ్చిందన్న ప్రశ్నకు జవాబు ఇక్కడ ఉంది. ఆ వేగంలో నిన్నటి గురించీ రేపటి గురించీ ఆలోచించే తీరిక ఉండదు. తానం వాయించేటప్పుడు కూడా అంతే.

ఈ రెండు ఇష్టాలూ కలిసిన మనుషులు ఇంకా ఉన్నారు. పింక్ ఫ్లాయిడ్ డ్రమ్మర్ నిక్ మేసన్ ఫ్రాన్స్‌లో 24 గంటలు సాగే లె మాన్ రేసులో 1979 నుంచి 1984 మధ్య ఐదుసార్లు పాల్గొన్నారు. 1996 ప్రపంచ విజేత డేమన్ హిల్ గిటారు వాయిస్తారు. 1999లో డెఫ్ లెపర్డ్ బృందం పాటకు కూడా వాయించారు. రేసుల్లో పైకి రావడానికి డబ్బుకు ఇబ్బంది పడుతున్న రోజుల్లో హారిసన్ తనకు సాయం చేశారని హిల్ తర్వాత చెప్పారు.

మద్రాసు, కోయంబత్తూరు

తమిళనాడులోని తెలుగువారికి ఈ కథలో దగ్గరి ఊళ్ళు ఉన్నాయి. రవిశంకర్ 'చాంట్స్ ఆఫ్ ఇండియా' ఆల్బమ్‌కు నిర్మాత హారిసన్. వేదమంత్రాలు, శ్లోకాలతో కూర్చిన ఆ ఆల్బమ్‌ను 1996లో కొంత మద్రాసులో, కొంత ఇంగ్లండ్‌లోని హారిసన్ ఇల్లు ఫ్రయర్ పార్క్‌లో రికార్డు చేశారు. అది 1997లో విడుదలైంది.

రేసుల విషయానికొస్తే, దక్షిణాదిలో ఆ ముచ్చటకు పుట్టిల్లు మద్రాసు నుంచి నెల్లూరు వెళ్ళే దారిలోని షోలవరం. యుద్ధకాలపు విమానాల రన్‌వే మీద అక్కడ రేసులు నడిచేవి. 1953లో ఏర్పడిన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ 1990లో శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో సొంత ట్రాక్ తెరిచింది. కోయంబత్తూరులో లక్ష్మీ మిల్స్ స్థాపించిన జి. కుప్పుస్వామి నాయుడి కుటుంబానికి చెందిన ఎస్. కరివర్ధన్ మన దేశంలోనే ఒంటి సీటు రేసు కార్లు తయారు చేయించి కుర్రాళ్ళకు దారి చూపారు. 1995లో విమాన ప్రమాదంలో ఆయన మరణించారు. చెట్టిపాళయంలోని రేసు ట్రాక్‌కు ఆయన పేరే పెట్టారు. ఆ కోయంబత్తూరు నుంచే నారాయణ్ కార్తికేయన్ 2005లో ఫార్ములా వన్‌లో పోటీపడిన తొలి భారతీయుడయ్యారు.

చివరి ఏళ్ళు

1990ల్లో హారిసన్ మెక్‌లారెన్ ఎఫ్1 కారు కొన్నారు. రేసు కార్ల రూపశిల్పి గోర్డన్ మర్రే రూపొందించిన ఆ కారులో డ్రైవరు సీటు మధ్యలో ఉంటుంది. 1997లో ఆయనకు గొంతు క్యాన్సర్ బయటపడింది. 2001 నవంబరు 29న 58వ ఏట లాస్ ఏంజెలెస్‌లో కన్నుమూశారు. ఎవరి నిధి కోసం 'ఫాస్టర్' రాబడి ఇచ్చారో ఆ నిల్సన్‌ను తీసుకుపోయిన జబ్బే చివరకు ఆయననూ తీసుకుపోయింది.

వినదలచినవారికి

మొదట 'ఫాస్టర్' వినండి, ఇంజిన్ల హోరు పోయి గిటారు మొదలయ్యే చోటును గమనించండి. ఆ తర్వాత 'చాంట్స్ ఆఫ్ ఇండియా' వినండి. రెండింటి మధ్య పద్దెనిమిదేళ్ళు ఉన్నాయి, శ్రద్ధ మాత్రం ఒకటే. మీ ఇంట్లో వయొలిన్ సాధన మధ్యలో బైకుల బొమ్మలు చూసుకునే పిల్లో పిల్లాడో ఉంటే, ఆ బొమ్మలు లాక్కునే ముందు ఈ రెండూ కలిసి వినమని మా మనవి.