ఎల్.బి.నగర్‌ను మింగేసిన చుక్క

మియాపూర్‌లో బయల్దేరిన మెట్రో రెడ్ లైన్ 29 కిలోమీటర్ల అవతల ఆగే చోటును ఎల్.బి.నగర్ అని రాస్తాం, ఎల్బీనగర్ అనీ రాస్తాం. చదివేవాళ్లు తికమకపడరు. కంప్యూటర్‌కు మాత్రం ఇవి రెండూ వేర్వేరు పేర్లు.

అక్షరాలను వెతకడం, విడగొట్టడం కంప్యూటర్‌కు మొదటి నుంచీ వచ్చిన విద్య కాదు. 1957 నాటి ప్రోగ్రామింగ్ భాష ఫోర్ట్రాన్ లెక్కల కోసం పుట్టింది. అక్షరాల వరుసల కోసమే ఒక భాష కావాలని 1962లో బెల్ ల్యాబ్స్‌లో ఫార్బర్, గ్రిస్‌వోల్డ్, పొలాన్స్కీ స్నోబాల్‌ను తయారుచేశారు. అక్కడే కెన్ థాంప్సన్ 1973లో అక్షరాలను వెతికిపెట్టే గ్రెప్ అనే ప్రోగ్రాం తెచ్చాడు. అందులో చుక్క పెడితే 'ఏ అక్షరమైనా సరే' అని అర్థం.

ఆ చుక్క నేటికీ జావా నేర్చుకునేవాళ్లను ఏడిపిస్తోంది. 2002లో జావా 1.4తో వచ్చిన స్ప్లిట్ ఫంక్షన్ థాంప్సన్ పద్ధతినే పాటిస్తుంది. ఎల్.బి.నగర్‌ను చుక్క దగ్గర కోయమంటే మూడు ముక్కలు రావాలి కదా! ఒక్కటీ రాదు. ప్రతి అక్షరాన్నీ కోత గుర్తుగానే తీసుకుంటుంది, మిగిలిన ఖాళీ ముక్కలను పారేస్తుంది. చుక్క ముందు రెండు బ్యాక్‌స్లాష్‌లు పెడితేనే ఎల్, బి, నగర్ విడివిడిగా చేతికొస్తాయి.

దిల్‌సుఖ్‌నగర్‌ది మరో చిక్కు. 'ల్' కింద స ఒత్తు, 'ఖ్' కింద న ఒత్తు పడకుండా ఆ రెండు చోట్లా మధ్యలో కంటికి కనబడని గుర్తు ఒకటి పెట్టి టైప్ చేస్తాం. అక్షరాలకు సంకేతాలుగా నంబర్లిచ్చే యూనికోడ్‌లో దానికీ ఒక నంబరుంది. దాంతో కలిపి పేరుకు 14 సంకేతాలు, లేకుండా 12. వెతికే ఫంక్షన్ పోల్చేది ఈ సంకేతాలనే. అందుకే ఒకరు గుర్తు పెట్టి ఎక్కించిన చిరునామాను, ఇంకొకరు గుర్తు లేకుండా వెతికితే 'లేదు' అంటుంది. వెతికే ముందు రెండు వైపులా ఆ గుర్తును తీసేయడమే మందు.

తెలుగుకు 1991లో యూనికోడ్ తొలి వెర్షన్‌లోనే చోటు దక్కింది. కానీ ఒత్తు ఎక్కడ విడిపోకూడదో చెప్పే నియమం రావడానికి మూడు దశాబ్దాలు దాటింది. 'స్త్రీ' అనే మాటలో సంకేతాలు ఆరు. పాత నియమం దాన్ని 'స్', 'త్', 'రీ' అని మూడుగా కోసేది. 2023లో వచ్చిన 15.1 వెర్షన్ తెలుగుతో పాటు మరో అయిదు భారతీయ లిపుల సంయుక్తాక్షరాలను ఒకే అక్షరంగా లెక్కించమంది.

నియమం మారినా పాత ఫంక్షన్లు మారలేదు. పైథాన్‌ను 'స్త్రీ' పొడవెంత అని అడిగితే ఇప్పటికీ ఆరే అంటుంది. పేరు పెట్టెలో పట్టలేదని సగంలో తెంపే ప్రోగ్రాం ఒత్తును ఒక పక్క, గుణింతాన్ని ఇంకో పక్క పడేస్తుంది. తెలుగు పేర్లతో పనిచేసే ప్రోగ్రామర్ సంకేతాలను కాకుండా అక్షరాలను లెక్కపెట్టే లైబ్రరీని వెతుక్కోక తప్పదు.