క్రీడాకారుని చెంత వైద్యుడు

వైద్యునికి క్రీడలతో ఏమి పని యని అడిగినచో, బెణికిన చీలమండకు కట్టు కట్టుటయే యని చాలమంది సమాధానము చెప్పుదురు. ఆ మాట నిజమే గాని, అది సగము చరిత్ర మాత్రమే. వైద్యుడు కొందరిని ఆటలకు పనికిరారని త్రోసిపుచ్చిన కాలమొకటి కలదు. వైద్యుడే అట్టివారిని చేయిపట్టి క్రీడారంగమునకు తెచ్చిన కాలము మరియొకటి కలదు. ఈ రెండవ కాలపు ఫలము మన ఓరుగల్లు సీమలోనే పండినది గనుక, ఆ వృత్తాంతమును శ్రోతలకు మనవి చేయదలచితిమి.

రెండవ ప్రపంచ యుద్ధమునకు పూర్వము వెన్నెముక దెబ్బతిన్నవారి గతి దయనీయముగా నుండెడిది. కదలలేక మంచము పట్టుటవలన ఒంటిపై పుండ్లు పడి, మూత్రకోశమునకు వ్యాధులు సోకి, పెక్కుమంది మరణించుచుండిరి. జర్మనీనుండి 1939లో ఇంగ్లండునకు శరణార్థియై వచ్చిన నరముల వైద్యుడు లుడ్విగ్ గుట్‌మన్ 1944లో స్టోక్ మాండవిల్ ఆసుపత్రియందు ఇట్టి రోగులకొరకు ప్రత్యేక విభాగమును ప్రారంభించెను. రోగులను రెండేసి గంటలకు ఒకమారు ప్రక్కకు త్రిప్పించుట ఆయన మొదటి చికిత్స. ఆటలాడించుట తరువాతి చికిత్స. లండను ఒలింపిక్సు ప్రారంభమైన 1948 జూలై 29వ తేదీననే, చక్రాల కుర్చీలలో కూర్చున్న 16 మందికి ఆయన విలువిద్యలో పోటీ నడిపించెను. ఆ చిన్న పోటీయే పెరిగి 1960లో రోము నగరమున 23 దేశములవారు పాల్గొన్న క్రీడోత్సవమైనది. దానినే మనము నేడు మొదటి పారాలింపిక్సుగా లెక్కించుచున్నాము.

అయినను శరీరముననే గాక బుద్ధి వికాసమున వెనుకబడినవారి సంగతి వేరు. వీరికొరకు 1968లో అమెరికాలో స్పెషల్ ఒలింపిక్స్ మొదలైనది. వీరిలో అనేకులకు పన్ను నొచ్చుచున్నదనిగాని, చూపు మందగించినదనిగాని ఇతరులకు తెలియునట్లు చెప్పుకొనుట రాదు. చెప్పనందున నొప్పి లేదని ఇంటివారు తలంతురు. అందుచేత 1997 నుండి ఆ సంస్థ పోటీలు జరుగుచోటనే కండ్లు, చెవులు, పండ్లు, పాదములు ఉచితముగా పరీక్షించు ఏర్పాటు చేసినది.

పారాలింపిక్సులో వీరికి లభించిన చోటు 2000 సంవత్సరమున సిడ్నీలో చేజారినది. స్వర్ణ పతకము గెలిచిన స్పెయిన్ బాస్కెట్‌బాల్ జట్టులోని 12 మందిలో 10 మందికి ఏ బుద్ధి మాంద్యమును లేదని తరువాత బయటపడెను. తప్పు చేసినవారు కొందరు. శిక్ష పడినది ఆ వర్గమంతటికిని. 2012లో లండనునందు గాని వారికి ద్వారము మరల తెరువబడలేదు. ఈ మారు నియమములు గట్టివి: తెలివితేటల పరీక్షలో 75 లేక అంతకు తక్కువ రావలెను, నిత్యజీవితపు పనులలో ఇబ్బంది కనబడవలెను, ఆ లోపము ఎదుగు వయస్సులోనే ఏర్పడియుండవలెను. ఆపైన క్రీడకు సంబంధించిన పరీక్షలు వేరుగా నుండును.

ఈ ద్వారముగుండా పోయిన మన బిడ్డ జీవంజి దీప్తి. జనగామ జిల్లాలోని చిల్పూరు, వరంగల్లు జిల్లాలోని దీప్తి స్వగ్రామము కల్లెడ, 2016లో జిల్లాలు విడదీయువరకు ఒక్క జిల్లాలోనివే. చిన్ననాట ఇరుగుపొరుగువారి ఎగతాళి మాటలు ఆ కుటుంబము సహింపవలసి వచ్చినది. ఆమె వేగమును గుర్తించినవారు శిక్షకులు నాగపురి రమేశ్ గారు. పుల్లెల గోపీచంద్ గారి సలహాపై ఆమెకు సికింద్రాబాదులో, 1984లో స్థాపింపబడిన జాతీయ మానసిక వికలాంగుల సంస్థయందు పరీక్షలు జరిగినవి. పిదప 2024 మే నెలలో జపానులోని కోబె నగరమున ఆమె 400 మీటర్లను 55.07 సెకండ్లలో పరుగెత్తి, అప్పటికి ప్రపంచ రికార్డు నెలకొల్పినది. అదే సంవత్సరము సెప్టెంబరు 3న పారిస్ పారాలింపిక్సులో 55.82 సెకండ్లతో కాంస్య పతకము గెలిచినది.

ఇందు గమనింపదగినది పతకము ఒక్కటియే కాదు. ఇరుగుపొరుగువారు పెట్టిన పేరు ఆమెకు దారి మూసినది. వైద్యుల పరీక్ష ఆ దారి తెరచినది. లోపమునకు సరియైన పేరు పెట్టుట బిడ్డను తక్కువ చేయుటకు గాదు, తగిన బాట చూపుటకు.

చిల్పూరు పరిసర గ్రామముల తల్లిదండ్రులకును, వ్యాయామోపాధ్యాయులకును మా మనవి ఇది. చదువులో వెనుకబడిన పిల్ల, కుంటుచు నడచు పిల్లవాడు బడి మైదానపు అంచున కూర్చుండి చూచుచున్నచో, వారిని మొదట వైద్యునికి చూపింపుడు. పింఛను కొరకు పొందిన ధ్రువపత్రము వేరు, క్రీడా వర్గీకరణ వేరు. ఒకటి ఉన్నదని రెండవదానిని మరువరాదు. వెన్నెముక దెబ్బతిన్నవారికి ఆ క్రింది భాగమున సరిగా చెమట పట్టదు గనుక, ఎండలో ఆడించునప్పుడు నీడయు, చల్లని నీరును సిద్ధముగా నుంచవలెను. కుర్చీలో ఒరసికొనుచోట చర్మమును ప్రతిదినము చూడవలెను. కృత్రిమ పాదము ధరించువారికి ఒరపిడి పుండుకాకముందే విశ్రాంతి ఈయవలెను. మాటలలో బాధ చెప్పలేనివారి నడకను, ముఖమును కనిపెట్టి యుండవలెను. ఇందులో పెక్కింటికి పెద్ద ఆసుపత్రి అక్కరలేదు. చూచు కన్నులు చాలును. పతకము వచ్చినను రాకున్నను, ఆటకు ముందును, ఆట తరువాతను ఆరోగ్యముగా నుండు హక్కు ప్రతి బిడ్డకును కలదు.